ఒక కొబ్బరికాయ తిరిగొచ్చింది

ఆ ఆదివారం పొద్దున్న బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో ఉన్నది నలుగురు. గుమ్మంలో నులకమంచం మీద తాత అప్పలస్వామి. క్యారేజీ షెడ్డులో వడ్రంగి మేస్త్రిగా చేసి రిటైరైన మనిషి. వంటింట్లో అమ్మమ్మ అప్పలనర్సమ్మ. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నా, కూరలబండి వాడితో కూడా శ్రీకాకుళం మాటలతోనే బేరమాడే మనిషి. అద్దం ముందు మావయ్య నాగేంద్ర. డీజిల్ అసిస్టెంటు, క్వార్టర్ అతని పేరు మీదే ఉంది. పెరట్లో నూతి దగ్గర, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ ప్రసూన. చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి సెలవులకని వచ్చిన మనవరాలు.

ఇంట్లో లేని మనిషి ఇంకొకరున్నారు. ప్రసూన తల్లి చిన్నతల్లి. సోమవారం సాయంత్రం బండికి దిగుతుంది, ముహూర్తం రాయించుకుని.

ఆ ముహూర్తం ప్రసూన పెళ్లికే. సెలవులని పిలవడం ఒక వంక మాత్రమే. ఆషాఢం రాకముందే ప్రసూనను మేనమామకిచ్చి చేసెయ్యాలని పెద్దవాళ్ల ఆలోచన. ప్రసూనకి విజయనగరంలో డిగ్రీలో సీటొచ్చింది. "మావయ్యే వద్దంటే చదువుకో. మావయ్య వద్దననంతకాలం నన్నడక్కు" అని తల్లి తేల్చేసింది. మావయ్య మనసులో ఉన్నది వేరే పిల్ల. తాతతో కలిసి షెడ్డులో పనిచేసిన చీనా వడ్రంగి చుంగ్ మేస్త్రి కూతురు సూలాన్. మొన్న స్టేషన్ వంతెన మీద నాగేంద్ర ఆ సంగతి ప్రసూనకి చెప్పి ఒక్కటే అడిగాడు.

"మేస్త్రి హోటలుకి అందరం భోజనానికి పోదాం. అక్కడ సూలాన్ టీ ఇస్తాది. అమ్మ చేత తాగించు. అంతే."

ప్రసూన తలూపింది. ఎందుకని అడగలేదు. అడిగే అలవాటు ఆ పిల్లకి లేదు.

* * *

చుంగ్ మేస్త్రి హోటలు బుధ్వారీ బజారులో, సైకిళ్ల దుకాణం పక్కన. బోర్డు లేదు. గోడ మీద నీలిరంగుతో వేసిన బాతు బొమ్మే బోర్డు. ముందు అద్దాల పెట్టె. అందులో ఇనుప కొక్కేలకి మెడలు తగిలించి, బెల్లంపాకంలో ముంచి తీసినట్టు నిగనిగలాడుతూ బాతులు. పక్కన ఎర్రగా కాలిన మాంసం పట్టీలు, వాటి కొసల నుంచి కిందున్న పళ్లెంలోకి బొట్టుబొట్టుగా తియ్యటి కొవ్వు. లోపల నాలుగు బల్లలు. వెనక పెరట్లో నూనె డ్రమ్ముని కోసి చేసిన పొయ్యి, దాని మీంచి లేచే సెగ.

గుమ్మంలోనే అమ్మమ్మ ఆగిపోయింది.

"ఓలమ్మ, ఏటిలా ఉరేసినట్టు ఏలాడదీసేరు వీటిని."

"ఆరబెట్టేరు" అన్నాడు తాత. "తోలు ఆరితేనే కాల్చినప్పుడు కరకరలాడతాది."

"నీకేటి తెలుసు?"

తాత పైనున్న ఫ్యాను వైపు చూశాడు.

"మేస్త్రి ముందు సైకిలు పంపుతో గాలి కొడతాడమ్మా" అన్నాడు నాగేంద్ర.

"దేనికి?"

"బాతుకి. తోలుకీ కండకీ మధ్యన. పక్క దుకాణంలో పంపు ఎప్పుడూ కనబడదు, ఇందుకే."

అమ్మమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి నాగేంద్ర భుజాలు కాస్త కిందికి దిగాయి. ప్రసూన మాత్రం చేతిసంచీ గట్టిగా పట్టుకుంది. ఆ సంచీ అమ్మమ్మ సర్దింది. ఎవరింటికైనా ఒట్టి చేతులతో పోవడం ఆవిడకి రాదు. నువ్వుల అరిసెలు, అరటిపళ్లు, తమలపాకులు, వక్కలు, కుంకం పొట్లం, ఎర్రటి జాకెట్టు గుడ్డ, జోడు కొబ్బరికాయలు. కాయలు ప్రసూన ఊరి నుంచి మోసుకొచ్చినవి, వాళ్ల పశువుల శాల పక్క చెట్టువి. ఈ ఛత్తీస్‌గఢ్ ఎండల్లో అలాంటి కాయ దొరకదని అమ్మమ్మ వాటిని బియ్యం డబ్బాలో దాచింది. ఈరోజు రెండూ బయటికి తీసింది, పెనిమిటి పాత స్నేహితుడి ఇల్లు కదా అని.

చుంగ్ మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. సన్నటి మనిషి. షెడ్డు వదిలి ఏళ్లయినా చెవి వెనక వడ్రంగి పెన్సిలు అలాగే ఉంది. తాత చెయ్యి పట్టుకుని వదలడు. హిందీ, తెలుగు కలిపి మాట్లాడతాడు.

"స్వామీ, నీ ఘర్‌వాలీని ఇన్నాళ్లకి తెచ్చినావు."

"అదే వచ్చింది. నేను తెస్తే వచ్చీదేనా?"

మేస్త్రి వంటబల్ల దగ్గర రెండు మొద్దులు చూపించాడు. అడవి చెట్టు బోదెని అడ్డంగా కోసి నున్నగా చిత్రిక పట్టిన మొద్దులు. "ఇది పందికి. ఇది బాతుకి, కోడికి. కత్తులు కూడా వేరు. భయం లేదు మాతాజీ. స్వామి ఘర్‌వాలీకి ఇది."

"నాకు ఇదైతే, మరి స్వామికో?" అంది అమ్మమ్మ.

వెనక నుంచి ఆడగొంతు. "తాతకి రెండూ."

సూలాన్. నీలం సల్వారు, నూనె మెరిసే మొహం, జడని మెడ చుట్టూ తిప్పి చున్నీలో దోపుకుంది. రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు అమ్మమ్మ తెలుగే. మాట అనేశాక తప్పు చేశాననుకుందేమో, నాలుక కరుచుకుంది.

అమ్మమ్మ తాత వైపు తిరిగింది. "ఇరవయ్యేళ్లు షెడ్డు నుంచొచ్చి ముందు నూతికాడ నోరు పుక్కిలించుకుని ఇంట్లోకొచ్చీవోడివి. బీడీ వాసనని అనుకున్నాను."

"బీడీ కూడా తాగీవోణ్ణి" అన్నాడు తాత.

బల్ల మీదికి పళ్లేలు వచ్చాయి. మేస్త్రి కత్తి ఎత్తి దింపుతుంటే మొద్దు మీద టక్ టక్ మని చప్పుడు, ఆ చప్పుడాగేసరికి బాతు ముక్కలై మళ్లీ బాతు ఆకారంలోనే పళ్లెంలో పడుకుని ఉంది. తోలు కొరికితే అప్పడంలా విరిగింది, కింద కండ మెత్తగా, దానిమీద తియ్యటి పులుసు. ఉడికించిన కోడి, పక్కన అల్లం, ఉల్లికాడ నూరిన పచ్చడి. తెల్లన్నం గిన్నెలు. ఆఖరికి పొగలు కక్కుతూ ఓ పెద్ద గిన్నె.

అమ్మమ్మ చెంచాతో కలిపి చూసింది. "ఇది గంజే కదేటి."

"గంజే" అంది సూలాన్.

"గంజికి హోటలుకొచ్చి డబ్బులిస్తారేటి జనం."

అన్నా, రెండుసార్లు పోయించుకుంది. రెండోసారి గిన్నె అడుగున ఉల్లికాడ ముక్క కూడా వదల్లేదు. ప్రసూన పుల్లలతో తినబోయి అన్నం బల్ల మీద పోసుకుంది. ఎవరూ చూడకుండా వేళ్లతో ఎత్తి నోట్లో వేసుకుంటుంటే సూలాన్ చూసింది, చూడనట్టు చెంచా అక్కడ పెట్టి పోయింది.

ఎవరో గ్లాసులో నీళ్లలాంటి పలచటి టీ పోశారు. తాత రెండు వేళ్లతో బల్ల మీద చిన్నగా తట్టాడు.

"ఏటది?" అంది అమ్మమ్మ.

"ఏటీ లేదు. అలవాటు. ఈళ్లు టీ పోస్తే ఇలా కొడతారు, మెచ్చుకున్నట్టు."

"ఈళ్ల అలవాట్లు నీకెన్నొచ్చేయో ఇయ్యాల తెలుస్తోంది."

ప్రసూన అన్నం గిన్నె పక్కకి జరిపింది. బయట ఎక్కడో షంటింగు ఇంజను బోగీల్ని గుద్ది వెనక్కి పోతోంది, మళ్లీ గుద్దుతోంది. ఆ ఇంజను పని ఎప్పటికి పూర్తవుతుందా అనిపించింది. చెయ్యి కడుక్కుంటానని లేచి వెనక్కి వెళ్లింది.

పొయ్యి దగ్గర సూలాన్ రెండు చిన్న కప్పులు సర్దుతోంది. చెవులు లేని కప్పులు. ఒక్కొక్కదాంట్లో ఎర్రటి ఎండు రేగుపళ్లు వేసి టీ పోస్తోంది. కాస్త బల్ల మీద ఒలికింది.

"నాగేంద్ర నీకు చెప్పేడు కదా?" అంది తల ఎత్తకుండా.

"తాగించమన్నాడు."

"అంతేనా? ఎందుకో చెప్పలేదా?"

ప్రసూన తల అడ్డంగా ఊపింది. సూలాన్ కప్పు కింద పెట్టి పూర్తిగా ఇటు తిరిగింది.

"మాలో పెళ్లికూతురు అత్తమావలకి మోకాళ్ల మీద కూకుని రెండు చేతుల్తో టీ ఇస్తాది. ఆళ్లు తాగితే ఒప్పుకున్నట్టే. ఇంక తిరుగులేదు. మా అక్క పెళ్లి కలకత్తాలో అయినప్పుడు వాళ్ల అత్త ఎంతసేపో కప్పు ముట్టుకోలేదు. అక్క అలాగే కూకుంది." ఒలికిన టీ తుడిచింది. "మీ అమ్మమ్మకి తెలుసు కదా?"

అప్పుడు ప్రసూన చెప్పాల్సిన మాట ఒక్కటే. తెలీదు. మూడక్షరాల మాట. అది చెబితే ఈ టీ బల్ల దాకా పోదు. బల్ల దాకా పోకపోతే రేపు సాయంత్రం అమ్మ బండి దిగుతుంది, విజయనగరం కాలేజీ తెరుచుకునే వేళకి తను ఈ క్వార్టర్ నూతి దగ్గర గిన్నెలు కడుగుతూ ఉంటుంది.

"పట్టుకురా" అంది ప్రసూన. "చల్లారిపోతాది."

సూలాన్ సిమెంటు నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చుని ముందు తాతకి కప్పు పట్టింది. తాత కప్పు లోపల రేగుపళ్లు చూశాడు. కొడుకు వైపు చూశాడు. నాగేంద్ర నేల చూశాడు. తాత చెయ్యి గాల్లో అలా కాసేపు ఆగింది, తర్వాత కప్పు అందుకుని తాగేశాడు. ఆ ఆగడం చూసింది ప్రసూన ఒక్కతే.

తర్వాత అమ్మమ్మ వంతు. "లే తల్లీ, మోకాళ్లు నొప్పెడతాయి" అంటూనే అందుకుంది. తాగింది, రేగుపండు నమిలింది, గింజ అరచేతిలోకి తీసుకుంది. "తియ్యగా ఉంది" అంది. నేల మీద అలా వినయంగా కూర్చున్న పిల్లని చూస్తే ఆవిడకి ముచ్చటేసింది. సంచీ ప్రసూన చేతిలోంచి లాక్కుంది. కాగితం పొట్లంలోంచి కుంకం తీసి సూలాన్ నుదుట బొట్టు పెట్టింది. ఎర్రటి జాకెట్టు గుడ్డ, తమలపాకులు, వక్కలు, అరిసెలు, పళ్లు, పైన జోడు కొబ్బరికాయలు, ఒక్కొక్కటీ ఆ పిల్ల చున్నీ పట్టించి అందులో పోసింది.

"పెళ్లి కావలసిన పిల్లవి. మొదటిసారి చూసినప్పుడు ఒట్టి చేతులతో ఎలా ఒగ్గీడం."

వంటగది గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి భార్య ఆ కొబ్బరికాయలు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ల నిండా నీళ్లు. నాగేంద్ర మొహంలో రక్తం లేదు. టీ తాగించాలని అతను అనుకున్నాడు గానీ, ఇది అనుకోలేదు.

"ఈవిడేటి, కాయలకి ఏడుస్తాది" అంది అమ్మమ్మ రిక్షా ఎక్కాక. "మంచి మనుషులు."

* * *

సోమవారం తెల్లారగానే నాగేంద్ర డ్యూటీ అని చెప్పి వెళ్లిపోయాడు. టిఫిన్ క్యారియర్ పట్టుకెళ్లలేదు. ప్రసూన దాన్ని చూసి, చూడనట్టు ఊరుకుంది.

వేడిగాలి మొదలవకముందే గుమ్మం ముందు రిక్షా ఆగింది. మేస్త్రి భార్య దిగింది. ఉతికిన పూల చొక్కా, నల్ల పైజామా, తల నున్నగా దువ్వుకుంది. చేతుల్లో ఎర్రగుడ్డ కప్పిన పళ్లెం. నవ్వుతూ లోపలికొచ్చి పళ్లెం అమ్మమ్మ చేతికిచ్చింది.

అమ్మమ్మ గుడ్డ తీసింది. ఒక కొబ్బరికాయ. తను ఇచ్చిన అరిసెల్లో సగం. వక్కల్లో సగం, పళ్లలో సగం. పక్కన ఆకుల్లో చుట్టిన కాల్చిన బాతు.

అమ్మమ్మ మొహం మారింది. తెలుగులో, నవ్వు చెరగనీకుండా, ప్రసూనతో అంది. "ఇచ్చింది తిరిగి తెచ్చింది చూసేవా. అరిసెలు నచ్చలేదేటి ఈళ్లకి. నచ్చకపోతే పారీసుకోవాలి గాని గుమ్మంలోకి పట్టుకొచ్చి ఇస్తారేటి."

మేస్త్రి భార్యకి తెలుగు రాదు. ఆవిడ రెండు చేతులూ ముందుకు పట్టి వంగి, హిందీలో అంది.

"తీసుకోండి సమ్‌ధన్‌జీ."

నలభై ఏళ్లు బిలాస్‌పూర్‌లో ఉన్న మనిషికి ఆ మాట తెలియకపోదు. వియ్యపురాలా అని పిలిచింది.

అమ్మమ్మ మొహంలో నవ్వు చెరిగిపోయింది. మేస్త్రి భార్య సంతోషంలో ఏమీ గమనించలేదు. చెప్పుకుపోయింది. మాలో పెళ్లికొడుకు వైపు వాళ్లు తెచ్చిన సారెలో సగం తిరిగి ఇవ్వడం పద్ధతి సమ్‌ధన్‌జీ, పూర్తిగా ఉంచేసుకుంటే అత్యాశ అంటారు. మా అమ్మ పెళ్లికీ ఇలాగే వచ్చాయి, జోడు కొబ్బరికాయలు, వక్కలు, నువ్వుల మిఠాయి. ఈ ఊళ్లో అవన్నీ ఎవరు తెస్తారులే అనుకున్నాను. మీకెవరు చెప్పారో గానీ ఒక్కటీ మరిచిపోలేదు. టీ తాగి, బొట్టు పెట్టి, ఎర్రగుడ్డ కూడా.

అమ్మమ్మ ఎర్రగుడ్డ మళ్లీ కప్పింది. పళ్లెం దేవుడి గూటి ముందు పెట్టింది. లోపలికి వెళ్లి మజ్జిగ చేసి తెచ్చి ఇచ్చింది. వచ్చినావిడ తాగి, ప్రసూన బుగ్గ నిమిరి, రిక్షా ఎక్కి వెళ్లేదాకా గుమ్మంలో నిలబడింది. రిక్షా మలుపు తిరిగింది. అప్పుడు ఇటు తిరిగింది.

"ఒలే ప్రసూనా. నీకు తెలుసా?"

ప్రసూన కాలి బొటనవేలు చూసుకుంటోంది.

"నిన్నే. ఆ టీ ఏటో నీకు తెలుసా?"

"నిన్న... పొయ్యి దగ్గర సూలాన్ చెప్పింది అమ్మమ్మా."

"నాను తాగకముందా, తాగేకనా?"

ప్రసూన తల ఇంకా కిందికి దించింది. అమ్మమ్మకి జవాబు అందింది. ఆవిడ కొడుకు చెప్పులుండే చోటు చూసింది, ఖాళీ. గుమ్మంలో మంచం వైపు చూసింది.

"నువ్వో?"

తాత బీడీ తీసి వెలిగించకుండానే వేళ్ల మధ్య తిప్పాడు. "మేస్త్రి పెద్దకూతురు పెళ్లికి కలకత్తా ఎల్లేను కదా. అక్కడ చూసేను."

"రేగుపళ్లు చూసి నీకు తెలిసింది."

"తెలిసింది."

"తెలిసి తాగేవు."

"ఆ గుంటడు అలా నేల చూస్తూ కూకుంటే ఏటి చేసీదే. మంచి పిల్ల. మేస్త్రి నాకు అన్నదమ్ముడి లెక్క."

అమ్మమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. పెద్దగా అరుస్తుందనుకుంది ప్రసూన. అరిస్తే బాగుండేది.

"అంటే, ఆ బల్ల దగ్గర నానొక్కర్తినే తెలీకుండా తాగేనన్నమాట. ఇచ్చిన పిల్లకి తెలుసు. పక్కన కూకున్న మొగుడికి తెలుసు. కన్న కొడుక్కి తెలుసు. చిన్నగుంటకి తెలుసు. రేగుపండు తియ్యగా ఉందని నవ్వేను కూడా."

"నిన్నడిగితే ఒద్దనీదానివి" అన్నాడు తాత.

"ఒద్దంటే ఒద్దనీదాన్ని. అవునంటే అవుననీదాన్ని. అది నా నోటి మాట. ఆ పిల్లని ఏటనీదాన్నో నాకే తెలీదు, అడిగితే కదా తెలిసీది. మీరు అడగలేదు. తాగించేరు."

తాత బీడీ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

అమ్మమ్మ లేచింది. పళ్లెంలోంచి కొబ్బరికాయ తీసి నిన్నటి చేతిసంచీలోనే వేసింది. సంచీ ప్రసూన చేతికిచ్చింది.

"ఎల్లు. ఇది ఆళ్లకిచ్చీసి రా. ఇచ్చి, మా అమ్మమ్మకి తెలీదు, తెలీక తాగింది, అది లెక్కలోకి రాదు అని చెప్పు."

"నేనా అమ్మమ్మా? మావయ్య వచ్చాక..."

"మావయ్య ఎందుకు. తాగించింది నువ్వు. తెలిసీ నోరు మూసుకున్నది నువ్వు. అదే నోటితో చెప్పిరా." గొంతు తగ్గించింది. "సాయంత్రం మీ అమ్మ వస్తాది. పెట్టిన ముహూర్తం ఎలాగూ ఉంది."

* * *

వంతెన ఎక్కేసరికి వడగాలి. ఇనుప కడ్డీ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. కింద పట్టాల మీద అదే షంటింగు ఇంజను, ముందుకొకసారి, వెనక్కొకసారి. సంచీలో కాయ ప్రతి అడుగుకీ మోకాలికి కొట్టుకుంటోంది. ఊళ్లో చెట్టెక్కే మనిషి దింపిన రోజున తనే పీచు ఒలిచింది. రైల్లో దారంతా సీటు కింద కాళ్లతో పట్టుకుని తెచ్చింది.

దారిలో ప్రసూన ఎన్నిసార్లు ఆగిందో ఆమెకే తెలీదు. హోటలు దాకా పోనక్కర్లేదు. స్టేషన్లో ఓ బల్ల మీద కాసేపు కూర్చుని, కాయ అక్కడే వదిలేసి, చెప్పేశానని ఇంటికి పోతే ఎవరికి తెలుస్తుంది? తెలిసేసరికి మావయ్య పెళ్లి అయిపోతుంది. తను విజయనగరం బండిలో ఉంటుంది. చెప్పాల్సిందల్లా ఏమీ చెప్పకపోవడమే. అది తనకి బాగా వచ్చిన విద్య. ఇంట్లో చుట్టాలొస్తే ధాన్యం బస్తాల వెనక దూరే పిల్ల, క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తని పిల్ల. ఇన్నాళ్లూ నోరు మూసుకోవడమంటే ఎవరికీ ఏ హానీ చెయ్యకపోవడం అనుకుంది. నిన్న పొయ్యి దగ్గర నోరు మూసుకున్నప్పుడు అలా జరగలేదు. తియ్యగా ఉంది అంటూ గింజని అరచేతిలోకి తీసుకున్న అమ్మమ్మ మొహం కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

వంతెన దిగేటప్పుడు మాట కూర్చుకుంది. అమ్మమ్మకి తెలీదు, తెలీక తాగింది, ఆవిణ్ణి అడగండి. చివరి ముక్క అమ్మమ్మ చెప్పమన్నది కాదు, తనే కలుపుకుంది. అడిగితే అవునంటుందేమో. కాదంటుందేమో. కాదంటే కాలేజీ పోతుంది. పోతే పోతుంది. ఆ మాట అనుకుని సంచీ రెండో చేతికి మార్చుకుంది. కాళ్లు ఆగలేదు. పెదాల మీదే ఆ మూడు ముక్కలూ వల్లెవేసుకుంటూ, ఎదురొచ్చే సైకిళ్లకి అడ్డం పడుతూ నడిచింది.

హోటలు మూసి ఉంది. అద్దాల పెట్టెలో ఒక్క బాతూ లేదు, కొక్కేలు ఖాళీగా ఊగుతున్నాయి. చెక్క తలుపు మాత్రం ఓరగా ఉంది. లోపల అగరొత్తుల వాసన.

గుమ్మం ముందు చెప్పుల జతలు. మావయ్య డ్యూటీ బూట్లు. వాటి పక్కన ఆడవాళ్ల తోలు చెప్పులు, కుడికాలి పట్టీ తెగితే నీలం దారంతో కుట్టి ఉంది. ఆ కుట్టు వంకర. ఎందుకు వంకరో ప్రసూనకి తెలుసు. పోయిన నెల ఊళ్లో, లాంతరు వెలుగులో, ఆ పట్టీ కుట్టింది తనే.

తలుపు సందులోంచి చూసింది. గోడకి చుంగ్ మేస్త్రి పెద్దల పటాలు, ముందు కుర్చీలో మేస్త్రి, పక్కన పూల చొక్కాలో అతని భార్య. నేల మీద మోకాళ్లు ఆనించి మావయ్య. ఇప్పుడు కప్పు రెండు చేతులతో పట్టింది అతను. మేస్త్రి చెయ్యి కప్పు అందుకోవడానికి ముందుకొస్తోంది. మావయ్య వెనక, అబ్బాయి తరఫు పెద్దలు నిలబడే చోట, సాయంత్రం బండికి రావలసిన మనిషి పొద్దుటి బండికే దిగి నిలబడి ఉంది.

"అమ్మా" అంది ప్రసూన.

అందరూ ఇటు తిరిగారు. మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. చిన్నతల్లి గబగబా గుమ్మంలోకి వచ్చింది. ప్రయాణంలో నలిగిన చీర, ఇంకా దులుపుకోని బొగ్గు నలుసులు. కూతురి మొహం చూడలేదు. చేతిసంచీ చూసింది. గుడ్డలోంచి గుండ్రంగా పైకి కనబడుతున్న కాయని చూసింది. నిన్నటి సంగతంతా తమ్ముడు చెప్పే ఉంటాడు, అది ఎక్కడి కాయో, ఎందుకు వచ్చిందో ఆవిడకి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

"మీ అమ్మమ్మ పంపిందా?"

ప్రసూన తలూపింది. నోరు తెరిచింది. దారంతా కూర్చుకున్న మాట గొంతులోకి వచ్చింది, జీవితంలో మొదటిసారి అడ్డం లేకుండా వచ్చింది.

"అమ్మమ్మకి తెలీదమ్మా, తెలీక..."

"మావయ్య వద్దన్నాడు. ఈ టీ అయ్యేదాకా నువ్వింకా రాలేదు" అంది చిన్నతల్లి, మెల్లగా. "తోవలో ఉన్నావు. తెలిసిందా?"

తలుపు మూసేసింది. లోపల గడియ పడింది.